ఈస్ట్ కణాలు నైట్రేట్‌ని ఎలా తీసుకుంటాయి, ఎప్పుడు ఆపేస్తాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

నైట్రోజన్ మెటబాలిజం చదివేవాళ్ళు, ల్యాబ్‌లో ఈస్ట్ పెంచేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. ఎక్కువ జవాబులు హాన్సెనులా పాలీమార్ఫా అనే ఈస్ట్ మీద జరిగిన పని నుంచే వస్తాయి, ఎందుకంటే నైట్రేట్ విషయంలో జీన్ దగ్గర్నుంచి ప్రొటీన్ దాకా బాగా లోతుగా చూసింది దాన్నే, స్పెయిన్‌లో లా లగునా యూనివర్సిటీ టీమ్ ఏళ్ళ తరబడి దీని మీదే పనిచేసింది. ఒక్క మాట ముందే చెప్పేస్తా. నైట్రేట్ అప్‌టేక్ (కణం లోపలికి తీసుకోవడం) అనగానే అందరూ ట్రాన్స్‌పోర్టర్ (పొర దాటించి లోపలికి తెచ్చే ప్రొటీన్) ఒక్కదాన్నే పట్టుకుంటారు, కానీ జీన్ ఆన్ అవ్వడం, తయారైన ప్రొటీన్ కణం పొర మీద నిలబడటం, లోపలికొచ్చిన నైట్రేట్ మళ్ళీ బయటికి పోవడం, ఇవన్నీ కలిపి చూడకపోతే లెక్క తేలదు.

అసలు ఈస్ట్ నైట్రేట్ వాడుకుంటుందా, వాడుకోదా? ఒక్కో చోట ఒక్కోలా రాస్తున్నారు.

రెండూ నిజమే, ఏ ఈస్ట్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. బ్రెడ్డుకి, వైన్‌కి వాడే శాకరోమైసిస్ సెరవీసియే నైట్రేట్‌ని వాడుకోలేదు. స్కైజోశాకరోమైసిస్ పాంబే, క్లూవెరోమైసిస్ లాక్టిస్, కాండిడా ఆల్బికాన్స్, యారోవియా లైపోలిటికా కూడా అంతే. కానీ హాన్సెనులా పాలీమార్ఫా (ఇప్పుడు దీన్ని ఒగాటియా పాలీమార్ఫా అంటున్నారు), కాండిడా యుటిలిస్, బ్లాస్టోబోట్రిస్ అడెనినివొరాన్స్ లాంటివి నైట్రేట్ ఒక్కటే నైట్రోజన్‌గా ఇచ్చినా హాయిగా పెరుగుతాయి. బ్రెటనోమైసిస్ బ్రుక్సెలెన్సిస్‌లో అయితే కొన్ని స్ట్రెయిన్లు పెరుగుతాయి, కొన్ని పెరగవు.

ఈ తేడా ఎంత నమ్మకంగా ఉంటుందంటే ఈస్ట్ జాతుల్ని గుర్తుపట్టడానికి నైట్రేట్ టెస్ట్ ఎప్పట్నుంచో వాడుతున్నారు. ఉదాహరణకి జబ్బు చేసే క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్‌కి నైట్రేట్ నెగెటివ్, దాని దగ్గరి పోలికలున్న, ఇదివరకు క్రిప్టోకాకస్ ఆల్బిడస్ అని పిలిచిన ఈస్ట్‌కి పాజిటివ్.

సెరవీసియేకి ఏం తక్కువైంది? రెండు మూడు జీన్లు పెడితే సరిపోదా?

సరిపోదు, చాలామంది ఇక్కడే ఆశపడి ఆగిపోతారు. దానికి నైట్రేట్ ట్రాన్స్‌పోర్టర్ లేదు, నైట్రేట్‌ని నైట్రైట్ చేసే నైట్రేట్ రిడక్టేజ్ లేదు, నైట్రైట్‌ని అమ్మోనియం చేసే నైట్రైట్ రిడక్టేజ్ లేదు, అంతవరకు అందరికీ తెలుసు. వీటన్నిటి కంటే పెద్ద లోటు మాలిబ్డినం కోఫాక్టర్, అంటే ఎంజైమ్‌కి తోడు కావాల్సిన, మాలిబ్డినం ఉన్న చిన్న అణువు. నైట్రేట్ రిడక్టేజ్ పనిచేయాలంటే లోపల ఈ కోఫాక్టర్ కూర్చోవాలి, దాన్ని తయారుచేసే దారి మొత్తం సెరవీసియేలో లేదు, కాబట్టి రిడక్టేజ్ జీన్ పెడితే ప్రొటీన్ వస్తుందేమో గానీ పని మాత్రం చేయదు. నైట్రైట్ రిడక్టేజ్‌కి కావాల్సిన సిరోహీమ్ అనే కోఫాక్టర్ మాత్రం దాని దగ్గర ముందే ఉంది, సల్ఫైట్‌ని రిడ్యూస్ చేసే ఎంజైమ్ కోసం ఎలాగూ తయారుచేసుకుంటుంది కాబట్టి.

ఈ లోటు పూడ్చి చూసినవాళ్ళు ఉన్నారు. 2021లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ టీమ్ సెరవీసియేకే ఒగాటియా పారాపాలీమార్ఫా అనే ఈస్ట్ నుంచి కోఫాక్టర్ తయారీ దారి, నైట్రేట్ దారి, వాటికి తోడు వేరే జీవి నుంచి మాలిబ్డేట్ ట్రాన్స్‌పోర్టర్ పెట్టి నైట్రేట్ మీద పెంచారు. అంత పెట్టినా మొదట్లో నెమ్మదిగానే పెరిగింది, ల్యాబ్‌లో తరాల తరబడి నైట్రేట్ మీదే పెంచుతూ పోతే గానీ వేగం పుంజుకోలేదు, ఆ క్రమంలో నైట్రేట్ రిడక్టేజ్ యాక్టివిటీ 5 రెట్లు అయింది.

లోపలికి వెళ్ళిన నైట్రేట్ ఏమవుతుంది?

మొదట నైట్రేట్ రిడక్టేజ్ దాన్ని నైట్రైట్ చేస్తుంది, దీనికి 2 ఎలక్ట్రాన్లు పడతాయి. తర్వాత నైట్రైట్ రిడక్టేజ్ ఆ నైట్రైట్‌ని అమ్మోనియం చేస్తుంది, దీనికి 6 ఎలక్ట్రాన్లు. మొత్తం 8. అంటే ఒక్క నైట్రేట్‌కి నాలుగు ఎన్ఏడీపీహెచ్‌లు (కణంలో ఎలక్ట్రాన్లు మోసే అణువులు, ఒక్కోటి రెండు ఇస్తుంది) ఖర్చు, కొన్ని ఈస్ట్‌లలో ఎన్ఏడీహెచ్ కూడా పనికొస్తుంది. ఆ అమ్మోనియం గ్లుటమేట్‌లోకి, గ్లుటమిన్‌లోకి వెళ్తుంది, అక్కడ్నుంచి మామూలు నైట్రోజన్ మెటబాలిజమే.

దీనికి అంత కంట్రోల్ ఎందుకు? దొరికినప్పుడు తీసుకుంటే పోలా?

పైన చెప్పిన ఖర్చు ఒక కారణం. బయట అమ్మోనియం రెడీగా దొరుకుతుంటే, దాన్నే తయారుచేసుకోవడానికి నాలుగు ఎన్ఏడీపీహెచ్‌లు తగలేయడం దండగ. రెండో కారణం నా దృష్టిలో ఇంకా ముఖ్యమైంది, అది నైట్రైట్. మధ్యలో వచ్చే ఈ నైట్రైట్ కణానికి విషం, ముఖ్యంగా మీడియా ఆసిడ్‌గా ఉన్నప్పుడు. మొదటి ఎంజైమ్ జోరుగా నడిచి రెండోది వెనకబడితే లోపల నైట్రైట్ పేరుకుపోతుంది. అందుకే నైట్రేట్ ఎంత లోపలికి రానివ్వాలి అన్నది లోపల రెండు ఎంజైములు ఎంత స్పీడ్‌లో ఉన్నాయన్న దానితో ముడిపడి ఉంటుంది.

నైట్రేట్‌ని లోపలికి తెచ్చేది ఏది?

హాన్సెనులాలో వైఎన్‌టి1 అనే ట్రాన్స్‌పోర్టర్. పొర లోంచి 12 సార్లు అటూ ఇటూ వెళ్ళే పెద్ద కుటుంబానికి చెందిన ప్రొటీన్ ఇది, మధ్యలో కణం లోపలివైపుకి ఒక పొడుగాటి లూప్ ఉంటుంది, ఆ లూప్‌ని గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ దాని అవసరం పడుతుంది.

నైట్రేట్‌కి నెగెటివ్ చార్జ్, కణం లోపల కూడా నెగెటివే, అందుకని ఊరికే లోపలికి జారిపోదు, ప్రోటాన్లతో పాటు లాక్కురావాలి. కాండిడా యుటిలిస్‌లో 1980లలోనే నైట్రేట్‌తో పాటు ప్రోటాన్లు లోపలికి రావడం కొలిచి చూపించారు. ఆ ప్రోటాన్లని మళ్ళీ బయటికి నెట్టడానికి ఏటీపీ ఖర్చు, అంటే రిడక్షన్ కంటే ముందే ఇంకో ఖర్చు అన్నమాట.

వైఎన్‌టి1 చాలా తక్కువ నైట్రేట్‌ని, మైక్రోమోలార్ స్థాయిలో ఉన్నా పట్టుకుంటుంది. పీహెచ్ 5.5 దగ్గర కొలిస్తే హై అఫినిటీ నైట్రేట్ అప్‌టేక్‌లో 95 శాతం దాకా దీని వల్లే జరుగుతుంది.

నైట్రేట్ వచ్చిందని జీన్లకి ఎలా తెలుస్తుంది?

ఇది నాకు ఈ సబ్జెక్ట్ మొత్తంలో బాగా ఇష్టమైన భాగం, కాస్త వివరంగా చెప్తా.

ట్రాన్స్‌పోర్టర్ జీన్ వైఎన్‌టి1, నైట్రేట్ రిడక్టేజ్ జీన్ వైఎన్‌ఆర్1, నైట్రైట్ రిడక్టేజ్ జీన్ వైఎన్‌ఐ1, ఈ మూడూ క్రోమోజోమ్ మీద ఒకే గుంపులో ఉంటాయి. అదే గుంపులో వైఎన్‌ఏ1, వైఎన్‌ఏ2 అని ఇంకో రెండు జీన్లు ఉంటాయి, ఇవి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు, అంటే మిగతా వాటిని ఆన్ చేసేవి, రెండూ జింక్ పట్టుకునే రకం. ఈ రెండిట్లో ఏ ఒక్కటి తీసేసినా ఆ ఈస్ట్ నైట్రేట్ మీద పెరగదు. ఒకటి లేకపోతే రెండోది ఆ పని చూసుకుంటుందిలే అనుకోవడానికి లేదు.

ఎందుకో 2015లో వచ్చిన పని బాగా చూపించింది. ఈ రెండు ప్రొటీన్లూ జంటగా అతుక్కుంటాయి, నైట్రేట్ ఉన్నా లేకపోయినా అతుక్కుంటాయి. ఒక్కోటి విడిగా కూడా ప్రమోటర్ (జీన్ ముందుండే స్విచ్ లాంటి డీఎన్ఏ భాగం) మీద కూర్చోగలదు కానీ కూర్చుంటే లాభం లేదు, జీన్ ఆన్ అవ్వదు, జంట ఉంటేనే పని. పైగా వైఎన్‌ఏ2 లేకపోతే వైఎన్‌ఏ1 న్యూక్లియస్‌లో సరిగ్గా నిలబడను కూడా నిలబడదు. నైట్రేట్ వచ్చినప్పుడు ఆ జంట వెళ్ళి జీన్ల ముందున్న ఒక ప్రత్యేకమైన డీఎన్ఏ వరుసని పట్టుకుంటుంది, అక్కడి క్రోమాటిన్ (డీఎన్ఏ, దాన్ని చుట్టిపెట్టే ప్రొటీన్లు) అమరిక మారుతుంది, ట్రాన్స్‌క్రిప్షన్ మొదలవుతుంది. ఇంకో విషయం, వైఎన్‌ఏ1 తన సొంత జీన్‌ని, వైఎన్‌ఏ2 జీన్‌ని కూడా ఆన్ చేస్తుంది, అందుకే నైట్రేట్ ఉన్నంతసేపు సిగ్నల్ తనని తాను పెంచుకుంటూ పోతుంది. నైట్రేట్ ఒక్కటే కాదు, నైట్రైట్ ఇచ్చినా ఈ జీన్లు ఆన్ అవుతాయి.

బూజుల్లో కూడా ఇలాగే ఉంటుందా?

అదే లాజిక్, అమరిక వేరు. ఆస్పర్జిల్లస్ నిడ్యులాన్స్‌లో నిర్ఏ అనే ఒక్క ఫ్యాక్టరే నైట్రేట్ కబురు మోస్తుంది, నైట్రేట్ లేనప్పుడు అది ఎక్కువగా న్యూక్లియస్ బయట ఉంటుంది, నైట్రేట్ రాగానే లోపల పేరుకుంటుంది. హాన్సెనులాలో ఆ జంట ఎప్పుడూ న్యూక్లియస్ లోపలే ఉంటుంది, నైట్రేట్ వస్తే మారేది డీఎన్ఏని పట్టుకోవడం. ఆస్పర్జిల్లస్ పేపర్లు చదివి అదే బొమ్మని ఈస్ట్‌కి అతికిస్తే తప్పవుతుంది, పాఠాల్లో ఇది తరచుగా కనిపిస్తుంది కాబట్టి గట్టిగా చెప్తున్నా.

ఈ జీన్లన్నీ పక్కపక్కనే ఎందుకున్నాయి?

కలిసి వాడే జీన్లు కలిసి ఉంటే కలిసి పోవడం కూడా సులువే, ఇన్ని ఈస్ట్‌లలో ఈ దారి మొత్తం లేకపోవడం దానికి సరిపోతుంది. ఒక జాతి నుంచి ఇంకో జాతికి గుంపుగా దూకడం కూడా జరిగింది. 2007లో జేసన్ స్లాట్, డేవిడ్ హిబ్బెట్ బేసిడియోమైసీట్ శిలీంధ్రాల వైపు నుంచి ట్రైకోడెర్మా వైపుకి ఈ గుంపు ఇలాగే వెళ్ళిందని చూపించారు.

నైట్రేట్, అమ్మోనియం రెండూ ఇస్తే ఏది తీసుకుంటుంది?

అమ్మోనియం. నైట్రేట్ ఎంత ఉన్నా అమ్మోనియం లేదా గ్లుటమిన్ పుష్కలంగా ఉంటే నైట్రేట్ జీన్లు అణిగి ఉంటాయి. దీన్నే నైట్రోజన్ కెటబొలైట్ రిప్రెషన్ అంటారు. అంటే జీన్ ఆన్ అవ్వాలంటే రెండు షరతులు కలిసి రావాలి, నైట్రేట్ ఉండాలి, అంతకంటే మంచి నైట్రోజన్ ఉండకూడదు.

ఈ రిప్రెషన్ ఎలా నడుస్తుందన్నది ఎక్కువగా సెరవీసియేలోనే తేల్చారు, దానికి నైట్రేట్ రాకపోయినా ప్రోలీన్, అల్లంటోయిన్ లాంటి రెండో రకం నైట్రోజన్‌ల విషయంలో ఇదే పద్ధతి. అక్కడ జిఎల్ఎన్3, గాట్1 అని గాటా కుటుంబం ఫ్యాక్టర్లు ఉంటాయి. మంచి నైట్రోజన్ ఉన్నప్పుడు యూఆర్ఈ2 అనే ప్రొటీన్ జిఎల్ఎన్3ని సైటోప్లాజంలోనే పట్టి ఉంచుతుంది, పోషకాలున్నాయో లేదో కనిపెట్టే టార్ కాంప్లెక్స్ కూడా ఇందులో చెయ్యేస్తుంది, అందుకే దాన్ని ఆపే రాపమైసిన్ అనే మందు వేస్తే కణం ఆకలి పట్టినట్టు ప్రవర్తిస్తుంది. నైట్రోజన్ తగ్గితే జిఎల్ఎన్3 న్యూక్లియస్‌లోకి వెళ్ళి జీన్లని ఆన్ చేస్తుంది.

సరే, జీన్ ఆఫ్ అయింది, కానీ పొర మీద ముందే ఉన్న ట్రాన్స్‌పోర్టర్ సంగతి?

మంచి ప్రశ్న, జీన్ లెవెల్ దగ్గరే ఆగిపోయినవాళ్ళకి ఇది తట్టదు. జీన్ ఆపినంత మాత్రాన ఉన్న ప్రొటీన్ మాయమైపోదు, అది పనిచేస్తూనే ఉంటే కణం నైట్రేట్ లాగుతూనే ఉంటుంది. అందుకని గ్లుటమిన్ లాంటి మంచి నైట్రోజన్ దొరకగానే వైఎన్‌టి1కి యూబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ తగిలిస్తారు, ఆ గుర్తు పడితే పొర మీంచి దాన్ని లోపలికి లాగి వాక్యూల్ అనే కణం లోపలి సంచికి పంపేస్తారు, అక్కడ ముక్కలైపోతుంది. ఆ యూబిక్విటిన్ తగిలేది పైన చెప్పిన మధ్య లూప్‌లోనే, 253, 270 నంబర్ లైసీన్ల మీద.

దీనికి ఎదురు పని కూడా అదే లూప్ మీద జరుగుతుంది. నైట్రోజన్ కరువైనప్పుడు ఎన్‌పీఆర్1 అనే కైనేజ్ (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) వల్ల 246వ సెరిన్ మీద ఫాస్ఫేట్ పడుతుంది, అది ఉంటే వైఎన్‌టి1 పొర దాకా చేరుతుంది, లేకపోతే కొత్తగా తయారైంది కూడా పొర దాకా రాకుండా వాక్యూల్ దారి పడుతుంది. ఎంత చిన్న జాగాలో ఎంత నిర్ణయం జరుగుతోందో చూడండి, ఒకే లూప్‌లో కొన్ని అమైనో ఆసిడ్ల దూరంలో ఉండు అనే గుర్తు, పో అనే గుర్తు రెండూ ఉన్నాయి.

నైట్రేట్ బయటికి కూడా పోతుందా? అలాంటప్పుడు కొలిచేది ఏంటి?

పోతుంది. తొట్టిలోకి కుళాయి పడుతూ కింద తూము కూడా తెరిచి ఉంటే నీటి మట్టం ఆ రెండిటి తేడాని బట్టి ఉంటుంది కదా, మనం మీడియాలో తగ్గిన నైట్రేట్ కొలిచి అప్‌టేక్ అంటున్నది కూడా అలాంటి నికర లెక్కే.

2014లో ఈ తూములేంటో హాన్సెనులాలో తేల్చారు. సల్ఫైట్‌ని బయటికి పంపే ఎస్ఎస్‌యూ1, ఎస్ఎస్‌యూ2 అనే ప్రొటీన్లు నైట్రేట్‌ని కూడా బయటికి పంపుతాయి, ఇద్దరిలో ఎస్ఎస్‌యూ2 పాత్ర పెద్దది. నార్1 అనే ఇంకోటి నైట్రేట్, నైట్రైట్ రెండిటినీ పంపుతుంది. నైట్రైట్ విషం నుంచి తట్టుకోవడానికి ఎస్ఎస్‌యూ2, నార్1 బాగా సాయపడతాయి. నైట్రేట్ వాడుకోని సెరవీసియేలో ఉన్న ఎస్ఎస్‌యూ1 కూడా నైట్రేట్, నైట్రైట్‌లని బయటికి పంపగలదని అదే పనిలో తేలింది.

ఇందులోంచి ఒక పాత చిక్కుముడి కూడా విడిపోయింది. నైట్రేట్ రిడక్టేజ్ లేని మ్యూటెంట్‌లో నికర అప్‌టేక్ సరిగ్గా కనపడకపోతే ట్రాన్స్‌పోర్టర్‌కే రిడక్టేజ్ కావాలేమో అనిపిస్తుంది. కానీ రిడక్టేజ్‌తో పాటు ఎస్ఎస్‌యూ2 గానీ నార్1 గానీ తీసేస్తే నైట్రేట్ లోపలికి వెళ్ళడం కనపడింది, అంటే నైట్రేట్ లోపలికి రావడానికి రిడక్టేజ్ అక్కర్లేదు, వాడుకోకపోయేసరికి వచ్చింది వచ్చినట్టే బయటికి పోతోంది, అంతే.

నైట్రైట్ నేరుగా ఇస్తే?

వైఎన్‌టి1 దాన్ని కూడా తెస్తుంది, కానీ నైట్రైట్‌కి మాత్రమే పనిచేసే దారి ఇంకోటి ఉంది. వైఎన్‌టి1 నైట్రైట్‌ని పీహెచ్ 4 దగ్గర బాగా తెస్తుంది, రెండో దారి పీహెచ్ 6 దగ్గర. 5.5 దగ్గర వైఎన్‌టి1 వాటా 60 శాతం దాకా ఉంటుంది. ఆ రెండో దారి ఆన్ అవ్వడానికి కూడా వైఎన్‌ఏ1 కావాలి.

క్లోరేట్‌తో ట్రాన్స్‌పోర్టర్ మ్యూటెంట్లని పట్టొచ్చా?

హాన్సెనులాలో కుదరదు. క్లోరేట్ నైట్రేట్ లాగే ఉంటుంది, నైట్రేట్ రిడక్టేజ్ దాన్ని విషమైన క్లోరైట్‌గా మారుస్తుంది, అందుకే వేరే జీవుల్లో ఈ పద్ధతి బాగా వాడతారు. ఇక్కడ వైఎన్‌టి1 క్లోరేట్‌ని అసలు తేదు, అది వేరే దారిలో లోపలికొస్తుంది, కాబట్టి వైఎన్‌టి1 తీసేసిన స్ట్రెయిన్ కూడా మామూలు స్ట్రెయిన్ లాగే క్లోరేట్‌కి దెబ్బతింటుంది.

నా కల్చర్ నైట్రేట్‌లో వేశాక చాలాసేపు పెరగట్లేదు, ఏం చూడాలి?

ముందు కల్చర్ దేంట్లో పెంచారో చూడండి. అమ్మోనియంలోంచో, యీస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఉన్న మీడియాలోంచో తీసి నేరుగా వేస్తే జీన్లన్నీ అణిగి ఉంటాయి, అవి ఆన్ అయ్యి ఎంజైములు తయారయ్యేదాకా ఆగాల్సిందే. మీడియాలో మాలిబ్డినం, ఐరన్ ఉన్నాయో లేదో చూడండి, ట్రేస్ మెటల్స్ లిస్టులో మాలిబ్డేట్ చాలాసార్లు ఎగిరిపోతుంది. దీనికి ఉల్టా సమస్య కూడా ఉంది, పెరగకూడని స్ట్రెయిన్ కొంచెం పెరిగినట్టు కనపడుతుంది, అది ఎక్కువసార్లు పాత మీడియా నుంచో అగార్ నుంచో వచ్చిన నైట్రోజన్ వల్లే, కాబట్టి కణాల్ని కడిగి వేయండి, నైట్రోజన్ అసలు లేని ప్లేట్ ఒకటి పక్కన పెట్టుకోండి, అది లేకుండా పాజిటివ్ అని రాయొద్దు. పీహెచ్ కూడా ఒక గుర్తు, అమ్మోనియం తింటుంటే మీడియా ఆసిడ్ అవుతుంది, నైట్రేట్ తింటుంటే ప్రోటాన్లు లోపలికి పోతాయి కాబట్టి పీహెచ్ పైకి వెళ్ళే ధోరణి ఉంటుంది.

ఇదంతా ల్యాబ్‌కేనా, పరిశ్రమల్లో పనికొస్తుందా?

పనికొస్తుంది, నష్టం కూడా చేస్తుంది. బ్రెజిల్‌లో చెరుకు రసం నుంచి ఇథనాల్ తీసే డిస్టిలరీల్లో సెరవీసియేకి పోటీగా బ్రెటనోమైసిస్ చొరబడుతుంటుంది. చెరుకు రసంలో నైట్రేట్ ఉంటుంది, సెరవీసియే దాన్ని ముట్టుకోలేదు, ఇది తినేస్తుంది, ఆ చొరబాటుకి ఇదొక కారణమని అక్కడి పరిశోధకులు 2011లో చూపించారు. ఈ ఈస్ట్‌కి ఇంకో విచిత్రం ఉంది, ఆక్సిజన్ తీసేస్తే దాని ఫెర్మెంటేషన్ కాసేపు స్తంభించిపోతుంది, దాన్ని కస్టర్స్ ఎఫెక్ట్ అంటారు, అసిటిక్ ఆసిడ్ తయారీలో మిగిలిపోయే ఎన్ఏడీహెచ్‌ని వదిలించుకోలేకపోవడం దానికి కారణం. నైట్రేట్ ఇస్తే ఆ ఎఫెక్ట్ పోతుందని 2013లో తేలింది, రిడక్షన్‌కి పడే ఆ 8 ఎలక్ట్రాన్లు ఇక్కడ ఖర్చు కాదు, వదిలించుకునే దారి.

లాభం వైపు చూస్తే నైట్రేట్ జీన్ల ప్రమోటర్లని వేరే ప్రొటీన్లు తయారుచేయించడానికి వాడుతున్నారు, హాన్సెనులాలోనూ బ్లాస్టోబోట్రిస్‌లోనూ. నైట్రేట్ వేస్తే ఆన్, అమ్మోనియం వేస్తే ఆఫ్, రెండూ చవకైన ఉప్పులే. ఇలాంటి ప్రమోటర్ పెట్టుకునేటప్పుడు ఒకటి మాత్రం చూసుకోండి, హోస్ట్ స్ట్రెయిన్‌లో వైఎన్‌ఏ1, వైఎన్‌ఏ2 రెండూ చెక్కుచెదరకుండా ఉండాలి, ఆ జంటలో ఒకటి పోయినా ఎంత నైట్రేట్ పోసినా ప్రమోటర్ కదలదు.